జిడ్డు కృష్ణమూర్తి

మదనపల్లె, కురబలకోట ప్రాంతం వానలు తక్కువగా కురిసే సీమ. బండరాళ్ల కొండలు, వాటి దిగువన చెరువులు, చెరువుల కింద పొలాలు ఇక్కడి జీవనానికి ఆధారాలు. ఈ సీమలో పుట్టి, విశ్వవిఖ్యాత తత్త్వవేత్తగా ఎదిగి, మానవునికీ ప్రకృతికీ గల సంబంధాన్ని జీవితాంతం పరిశీలించిన మహనీయులు జిడ్డు కృష్ణమూర్తి.

కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో సంజీవమ్మ, నారాయణయ్య దంపతులకు ఎనిమిదవ సంతానంగా జన్మించారు. బాల్యంలో మలేరియా జ్వరం ఆయనను తరచు పీడించింది. ఉపాధ్యాయులు ఆయనను మందబుద్ధిగా భావించారు. కాని మబ్బులను, మొక్కలను, పురుగులను తదేకంగా చూస్తూ ఎంతసేపైనా గడపడం ఆయనకు అలవాటు. పదేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయారు. 1909లో తండ్రితో కలిసి మద్రాసులోని అడయారుకు చేరిన పిదప దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీబిసెంట్ సంరక్షణలో పెరిగారు. ఆయనను జగద్గురువుగా భావించి 1911లో ఒక సంఘాన్ని స్థాపించారు. వేలాది అనుయాయులున్న ఆ సంఘాన్ని 1929లో హాలెండులోని ఓమెన్‌లో ఆయనే స్వయంగా రద్దు చేశారు.

అంతకు ముందే, 1920వ దశకం మధ్యలో, విద్యాలయానికి తగిన స్థలం కోసం కురబలకోట సమీపంలోని ఒక లోయను సందర్శించారు. అక్కడి మహా వటవృక్షం ఆయన మనస్సును ఆకర్షించింది. ఆ పరిసరాలలోనే రిషివ్యాలీ విద్యాలయం వెలసింది.

నాడు ఆ లోయ పచ్చగా లేదు. వంటచెరకు కోసం చెట్లు నరకడం, పశువులు, మేకలు లేతమొక్కలను మేయడం వలన కొండలు బోడివయ్యాయి. వేళ్ల పట్టు లేని మట్టి వానకు కొట్టుకుపోయి చెరువులలో పూడికగా చేరుతుంది. నీరు భూమిలోకి ఇంకదు, బావులు ఎండుతాయి, పంట తగ్గుతుంది. పంట తగ్గిన రైతు బ్రతుకు తెరువు కోసం మరల కట్టెలనూ మేకలనూ ఆశ్రయిస్తాడు. ఇది దుర్మార్గం కాదు, పేదరికం. అయినా దాని ఫలం అందరూ అనుభవించవలసిందే.

కృష్ణమూర్తి దాదాపు ఏటా రిషివ్యాలీకి వచ్చి, సాయంవేళ లోయలో నడుస్తూ చెట్లను, పక్షులను పరికించేవారు. చెట్టును కలపగా మాత్రమే చూసే మనస్సు సాటి మనిషిని కూడా ఉపయోగపడే వస్తువుగానే చూస్తుందని, ప్రకృతితో బంధం తెగినవారికి మానవులతో బంధం నిలువదని ఆయన అభిప్రాయం. అందుకే ప్రకృతి పరిశీలన విద్యలో అంతర్భాగం కావాలని ఆకాంక్షించారు.

విద్యాలయం వారు కాలక్రమేణా కట్టలు వేసి, ఊటకుంటలు త్రవ్వి, మొక్కలు నాటి, మేతను అరికట్టారు. నీరు ఇంకి నేల పచ్చబడింది. పచ్చదనంతో పురుగులు, పండ్లు పెరిగాయి. వాటి కోసం పక్షులు వచ్చాయి. పక్షులు విత్తనాలను వెదజల్లి కొత్త మొక్కలకు కారణమయ్యాయి. 1991లో ఆ లోయ పక్షుల రక్షిత ప్రదేశంగా గుర్తింపు పొందింది. అక్కడ 200కు పైగా పక్షిజాతులు కనిపించాయి. దక్షిణ భారతదేశపు రాతికొండలలో మాత్రమే నివసించే పసుపుగొంతు పిగిలిపిట్ట వాటిలో ఒకటి.

ఆ గుర్తింపును చూడడానికి కృష్ణమూర్తి జీవించి లేరు. 1986 ఫిబ్రవరి 17న అమెరికాలోని ఓహైలో పరమపదించారు. లోయను బీడుగా మార్చినదీ, తిరిగి పచ్చగా చేసినదీ మనుష్యుల చేతులే. ఆ చేతులు ఏ పని చేయాలో నిర్ణయించేది మన చూపు. ఆ చూపును సరిదిద్దుకోవడమే విద్యకు పరమార్థమని కృష్ణమూర్తి జీవితం మనకు బోధిస్తున్నది.