పాత ఇళ్ళకు కావలి - సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్

అమెరికా సంయుక్త రాష్ట్రాల తూర్పు తీరాన, ఆష్లీ, కూపర్ అనే రెండు నదులు సముద్రాన్ని చేరే చోట చార్లెస్టన్ నగరం ఉంది. 1670లో ఆంగ్లేయుల వలసగా మొదలైన ఈ ఊరు దక్షిణ కరోలినా ప్రాంతానికి రేవుపట్టణమై, 18వ శతాబ్దంలో వరి, నీలిమందు పంటల వ్యాపారంతో అపారమైన సంపదను గడించింది. మోకాలిలోతు నీటిలో నిలిచి ఆ వరిని పండించినవారు ఆఫ్రికా నుండి బంధించి తెచ్చిన బానిసలు. ఆ పంట మీద వచ్చిన సొమ్ము మాత్రం భూస్వాములకూ వర్తకులకూ చేరింది. ఆ సొమ్ముతోనే నగరంలో అందమైన ఇళ్ళు వెలిశాయి. సన్నని పక్కను వీధివైపుకు తిప్పి, పొడవైన పక్కన వసారా దింపి, సముద్రపు గాలి గదిగదికీ సోకేటట్లు కట్టిన ఇళ్ళు అక్కడి ప్రత్యేకత. రేవు సమీపంలోని ఈస్ట్ బే వీధిలో మాత్రం వర్తకులు గోడకు గోడ ఆనించి వరుసగా మేడలు కట్టుకున్నారు. కింద దుకాణం, పైన కాపురం.

ఆ వైభవం నిలవలేదు. 1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం ఈ నగరపు రేవులోని సమ్టర్ కోట వద్దనే మొదలయింది. ఆ సంవత్సరాంతంలో ఒక మహాగ్నిప్రమాదం ఊరిలో చాలా భాగాన్ని దహించింది. 1865లో యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయింది. 1886 ఆగస్టు 31 రాత్రి వచ్చిన భూకంపం మిగిలిన గోడలను బీటలు వార్చింది. ఎదురెదురు గోడలను ఇనుప కడ్డీలతో బిగించి ఇళ్ళను నిలబెట్టుకున్నారు. ఆ కడ్డీల చివరి బిళ్ళలు ఇప్పటికీ గోడలపై కనిపిస్తాయి. పాతవి కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది. చార్లెస్టన్ ఇళ్ళు అరవయ్యేళ్ళపాటు చెక్కుచెదరకుండా మిగలడానికి వాటిపై ప్రేమకంటె ఊరి పేదరికమే పెద్ద కారణమని చెప్పక తప్పదు.

ఆ పేదరికపు రోజులలోనే, 1873 జనవరి 21న, సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ చార్లెస్టన్‌లో జన్మించింది. తండ్రి ఫ్రాన్సిస్ లెజో ఫ్రాస్ట్, తల్లి రెబెకా బ్రూటన్ ప్రింగిల్. ఇరువైపులా పేరున్న వంశాలే. కింగ్ వీధిలోని మైల్స్ బ్రూటన్ భవనం తల్లివైపు వారిది. 1760లలో నిర్మించిన ఆ భవనానికి పేరిచ్చిన బ్రూటన్ ఆనాటి పెద్ద బానిస వ్యాపారులలో ఒకడు. సూసన్ బాల్యం సుఖంగానే గడిచింది. ఉత్తర కరోలినాలోని రాలీ నగరంలో సెయింట్ మేరీస్ పాఠశాలలో కొంతకాలం చదివింది. ఇంతలో తండ్రి చేపట్టిన వరి సేద్యం, ఎరువుల వ్యాపారం రెండూ దెబ్బతిన్నాయి. కులీన కుటుంబపు ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళడం గౌరవభంగమని భావించే సమాజంలో, ఆమె షార్ట్‌హ్యాండ్ నేర్చుకొని జీతానికి కుదిరింది.

మొదట 1901-02లో చార్లెస్టన్‌లో జరిగిన అంతర్రాష్ట్రీయ ప్రదర్శనకు భవనాలు రూపొందించిన బ్రాడ్‌ఫర్డ్ గిల్బర్ట్ అనే వాస్తుశిల్పి వద్ద కార్యదర్శిగా పనిచేసింది. ఆ తరువాత ఫెడరల్ జిల్లా న్యాయస్థానంలో స్టెనోగ్రాఫరుగా చేరి, 1918 వరకు ఆ ఉద్యోగంలో కొనసాగింది. ఒకచోట కట్టడపు పని ఎలా నడుస్తుందో చూసింది, మరొకచోట చట్టం మాట ఎంత దూరం పోతుందో చూసింది. ఈ రెండు అనుభవాలూ తరువాతి జీవితంలో ఆమెకు అక్కరకు వచ్చాయి.

ఆమె స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలోనూ పాల్గొన్నది. 1914లో చార్లెస్టన్‌లో ఏర్పడిన సమాన ఓటుహక్కు సంఘానికి అధ్యక్షురాలయింది. తరువాత, శ్వేతసౌధం ముందు నిలబడి నిరసన తెలిపిన ఆలిస్ పాల్ పక్షాన చేరింది. ఊరిలోని పెద్దలకు ఇది రుచించలేదు. 1920లో రాజ్యాంగ సవరణ ద్వారా అమెరికా స్త్రీలకు ఓటుహక్కు లభించింది. దక్షిణ కరోలినా శాసనసభ మాత్రం ఆ సవరణను 1969 వరకు ఆమోదించనే లేదు. అటువంటి రాష్ట్రంలో, ఊరంతా మిస్ స్యూ అని పిలిచే ఈ అవివాహిత ఇళ్ళ క్రయవిక్రయాలలోకి దిగింది.

1909 నుండి, ఉద్యోగం చేస్తూనే, ఆమె శిథిలమైన పాత ఇళ్ళను ఒకటొకటిగా కొనడం మొదలుపెట్టింది. ముఖ్యంగా ట్రాడ్ వీధి తూర్పు భాగం ఆమె దృష్టిని ఆకర్షించింది. ఒకనాడు సంపన్నులు నివసించిన ఆ ఇళ్ళు గదుల లెక్కన అద్దెకు పోయి, మరమ్మతు చూసే నాథుడు లేక కుంగిపోతున్నాయి. ఒక ఇల్లు కొని, బాగుచేయించి, తగిన గృహస్థునికి అమ్మి, వచ్చిన సొమ్ముతో మరొకటి కొనాలన్నది ఆమె పథకం. కాగితం మీద ఆ లెక్క చక్కగానే ఉంది. ఆచరణలో మరమ్మతు ఖర్చు ఎప్పుడూ అంచనా దాటేది, కొనేవారు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవారు, వడ్డీ మాత్రం వేళ తప్పేది కాదు. డెలావేర్ రాష్ట్రానికి చెందిన పారిశ్రామికవేత్త ఇరేనీ డ్యూపాంట్ అప్పు ఇచ్చి ఆదుకున్నాడు. అయినా ఈ వ్యాపారం వల్ల ఆమెకు మిగిలినవి రుణభారమూ పేరూ మాత్రమే.

ఆమె పద్ధతిని నేటి నిపుణులు పూర్తిగా మెచ్చరు. ఎక్కడైనా పాత భవనాన్ని కూలగొడుతున్నారంటే అక్కడి చెక్కపనినీ ఇనుప కటకటాలనూ సేకరించి, తాను బాగుచేయిస్తున్న మరొక ఇంటికి అమర్చేది. ఏ ఇంటికి ఏది సహజమో అన్న విచారణకంటె వీధి మొత్తం కళకళలాడడమే ఆమెకు ముఖ్యం. ఇల్లు ఒక్కటే నిలిస్తే చాలదని, పక్కిల్లూ ఎదురిల్లూ కూడా నిలవాలని ఆమె ముందుగా గ్రహించింది. అందుకే విడి ఇళ్ళతో తృప్తిపడక ఈస్ట్ బే వీధిలోని వరుస ఇళ్ళ వైపు చూసింది. పదమూడు ఇళ్ళ ఆ వరుస అప్పటికి మురికివాడగా మారి ఉంది. అందులో ఆరింటిని ఆమె కొన్నది. కొనగలిగింది గాని, బాగుచేయించే ధనం సమకూర్చుకోలేకపోయింది. పడగొట్టేవారి చేతికి పోకుండా వాటిని ఏళ్ళ తరబడి పట్టుకొని ఉండడమే ఆమె చేయగలిగిన పని.

ఈలోగా కొత్త ప్రమాదం మోటారుకారు రూపంలో వచ్చింది. మూలమలుపు స్థలాలన్నీ పెట్రోలు బంకులకు గిరాకీ అయ్యాయి. మీటింగ్ వీధిలో 1803లో నిర్మించిన జోసెఫ్ మానిగో భవనాన్ని కూల్చివేస్తారన్న వార్త 1920లో పుట్టింది. ఫ్రాస్ట్ చొరవతో ఆ ఏడాది ఏప్రిల్‌లో ముప్పైమందికి పైగా సమావేశమై ప్రాచీన గృహ సంరక్షణ సంఘాన్ని స్థాపించారు. ఆమె దానికి తొలి అధ్యక్షురాలు. సంఘానికి ఉత్సాహం ఉన్నంతగా నిధులు లేవు. చివరకు ఫ్రాస్ట్ బంధువర్గానికి చెందిన నెల్ ప్రింగిల్, ఎర్నెస్ట్ ప్రింగిల్ దంపతులు మానిగో భవనపు తాకట్టు భారాన్ని తమ తలపై వేసుకున్నారు. ఆ బరువు మోయలేక 1922లో భవనపు తోటను స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి అమ్మవలసి వచ్చింది. ఇల్లు దక్కింది గాని, తోటలో పెట్రోలు బంకు వెలిసింది. తోట ప్రవేశద్వారం వద్దనున్న గుండ్రని చిన్న మండపం బంకుకు వచ్చేవారి మరుగుదొడ్డిగా మారింది. 1933లో ఆ భవనం వేలానికి వచ్చినప్పుడు ఒక సంపన్న మహిళ విరాళంతో చార్లెస్టన్ మ్యూజియం దానిని కొన్నది.

బంకులకు తోడు మ్యూజియంలు కూడా పోటీకి వచ్చాయి. దూరనగరాల మ్యూజియంలు చార్లెస్టన్ ఇళ్ళలోని చెక్కపనిని గదులకు గదులుగా ఊడదీయించి తీసుకుపోయాయి. ట్రాడ్ వీధిలోని జాన్ స్టూవర్ట్ భవనపు గదుల చెక్కపని మినియాపొలిస్ నగరంలోని కళా మ్యూజియానికి చేరింది. దాని సొంతదారు అమ్మాడు, మ్యూజియం కొన్నది. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. ఫ్రాస్ట్‌కూ ఆమె సహచరులకూ గట్టి పాఠం నేర్పింది ఇదే. ఒక్కొక్క ఇంటినీ కొని కాపాడాలంటే డ్యూపాంట్‌లు ఎంతమంది ఉన్నా చాలరు. కొనకుండానే కాపాడే దారి ఏదైనా ఉంటే అది నగరపాలక సంస్థ చేతిలోనే ఉంది.

1920ల చివర స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ మీటింగ్ వీధి, చామర్స్ వీధి కలిసే చోట పాత ఇళ్ళను కూల్చి మరొక బంకు కట్టబూనడంతో ఊరిలో పెద్ద అలజడి చెలరేగింది. కంపెనీ ఆల్బర్ట్ సైమన్స్ అనే స్థానిక వాస్తుశిల్పిని నియమించి, కూలిన పాత భవనపు సామగ్రితోనే పాతకాలపు తీరులో బంకు కట్టించింది. బంకు అందంగానే కుదిరింది, పోయిన ఇళ్ళు మాత్రం పోయాయి. అప్పటి మేయర్ థామస్ స్టోనీ ప్రభుత్వం 1929లో నగర ప్రణాళికకు ఒక సంఘాన్ని నియమించింది. ఫ్రాస్ట్ 1927లోనే సంరక్షణ సంఘపు అధ్యక్ష పదవిని ఆల్స్టన్ డియాస్‌కు అప్పగించింది. చట్టం రూపొందించడంలో డియాస్, సైమన్స్ వంటివారు ముందు నిలిచారు. ఆమె రెండు దశాబ్దాలు పడిన పాటు లేకపోతే ఆ చట్టానికి ఊరిలో ఆదరణ ఉండేది కాదు.

1931 అక్టోబరు 13న చార్లెస్టన్ నగరపాలక మండలి ఆ శాసనాన్ని ఆమోదించింది. నగరపు దక్షిణ కొసన సుమారు 138 ఎకరాల మేర ప్రాచీన చారిత్రక ప్రాంతంగా హద్దులు గీసింది. ఒక పట్టణం తన పాత వీధులను ఈ విధంగా చట్టంతో రక్షించడం అమెరికాలో ఇదే మొదటిసారి. ఆ హద్దులలోని ఇంటి యజమాని వీధికి కనిపించే వెలుపలి భాగాన్ని మార్చదలిస్తే, ముందుగా వాస్తు సమీక్షా మండలికి నమూనా చూపి అనుమతి పొందాలి. ఇంటి లోపల ఏమి చేసుకున్నా మండలికి జోక్యం లేదు. ఇల్లు ఎవరిదైనా వీధి ముఖం ఊరందరిదన్న భావన అలా చట్టంలోకి ప్రవేశించింది. న్యూ ఆర్లియన్స్ నగరం 1937లో ఇదే బాట పట్టింది. తరువాత వందలాది నగరాలు అనుసరించాయి.

అదే 1931లో డొరోతీ లెగ్ అనే గృహిణి భర్తతో కలిసి ఈస్ట్ బే వరుసలో ఒక ఇంటిని కొని, దానికి లేత గులాబీ రంగు వేయించింది. ఇరుగుపొరుగు వారు ఒకరిని చూసి ఒకరు పసుపు, నీలం, ఆకుపచ్చ ఛాయలు ఎంచుకున్నారు. ఫ్రాస్ట్ సొమ్ములేక ఆగిపోయిన పని ఇతరుల చేతుల మీదుగా ముందుకు సాగింది. ఆ వరుస ఇప్పుడు రెయిన్‌బో రో, అంటే ఇంద్రధనుస్సు వరుస, అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది. చార్లెస్టన్ వెళ్ళిన యాత్రికుడు దానిముందు ఫోటో దిగకుండా తిరిగిరాడు.

అయితే ఆ రంగుల వెనుక ఇంకొక కథ ఉంది. ఫ్రాస్ట్ కొనక ముందు ట్రాడ్ వీధి శిథిల గృహాలలో అద్దెకు ఉన్నవారు చాలామంది నల్లజాతి పేదలు. బానిసత్వం నుండి విముక్తి పొందినవారి సంతతి. ఇల్లు బాగుపడగానే వారు ఖాళీ చేయవలసి వచ్చింది, ఆ ఇంటికి తెల్లవారు వచ్చారు. అద్దెదారులు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఆమె పథకంలో లేదు. వారి పోకను వీధి బాగుపడడంలో భాగంగానే ఆమె చూసింది. స్త్రీలకు ఓటు కావాలని పోరాడిన మనిషికి ఈ అన్యాయం కనబడలేదు. 1931 నాటి శాసనం గోడలకూ కిటికీలకూ రక్షణ ఇచ్చింది, వాటి వెనుక నివసించేవారిని గురించి ఒక్క మాటా చెప్పలేదు. ఇటీవలి చరిత్రకారులు ఆమె కృషిని ప్రశంసిస్తూనే ఈ లోటును ఎత్తిచూపుతున్నారు.

గోడలకిచ్చిన రక్షణలోనూ ఒక పెద్ద కన్నం ఉండిపోయింది. వెలుపలి మార్పులకు అనుమతి కావాలే గాని, ఇంటిని మొత్తంగా పడగొడతానంటే ఆపే అధికారం మండలికి లేదు. కిటికీ మార్చాలంటే అడగాలి, ఇల్లు కూల్చాలంటే అడగనక్కరలేదు. ఈ వింత పరిస్థితి దాదాపు మూడు దశాబ్దాలు కొనసాగింది.

ఫ్రాస్ట్ 1910ల చివర తన ఇద్దరు సోదరీమణులతో కలిసి మిగిలిన వారసుల నుండి మైల్స్ బ్రూటన్ భవనాన్ని దక్కించుకొని అందులోనే నివసించింది. ముగ్గురూ అవివాహితలే. ఆ పెద్ద ఇంటి ఖర్చులకు గదులను యాత్రికులకు అద్దెకిచ్చేవారు. 1944లో ఆ భవన విశేషాలపై ఆమె ఒక చిన్న పుస్తకం ప్రచురించింది. ఏ మూల ఏ ఇంటికి ముప్పు వచ్చినట్లు తెలిసినా స్థానిక పత్రికకు లేఖ రాసేది. వయసు పైబడినా ఆ అలవాటు మానలేదు. ఆమె స్థాపించిన సంఘం 1957లో చార్లెస్టన్ సంరక్షణ సంఘంగా పేరు మార్చుకొని నేటికీ పనిచేస్తున్నది.

కూల్చివేతలను కొంతకాలం నిలిపివేసే అధికారాన్ని నగరం 1959లో సమీక్షా మండలికి ఇచ్చింది. మరుసటి సంవత్సరం అక్టోబరు 6న, 87 ఏళ్ళ వయసులో, సూసన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ కన్నుమూసింది. 1966లో నగరపాలక మండలి చారిత్రక ప్రాంతపు హద్దులను మరింత విస్తరించింది.