సావిత్రి: పేరు మార్చుకోని నటి



మీ అమ్మమ్మల కాలంలో వీధికొక సావిత్రి ఉండేది. ఇప్పుడు మీ పాప తరగతిలో ఆ పేరు వెతికినా దొరక్కపోవచ్చు. అయినా సావిత్రి అనగానే, ఇంటిపేరు చెప్పకుండానే ఎవరి గురించో మీకు తెలిసిపోతుంది. ఆమె మన విజయవాడ బడిలో చదువుకున్న అమ్మాయే.

ప్రకాశం బ్యారేజీ దాటితే తాడేపల్లి మండలంలో చిర్రావూరు ఉంది. నిశ్శంకర సావిత్రి పుట్టింది అక్కడ. పసితనంలోనే తండ్రి పోతే పెద్దమ్మ దుర్గాంబ, పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య విజయవాడలో పెంచారు. కస్తూరిబాయి మెమోరియల్ పాఠశాలకు వెళ్లే దారిలో ఒక నాట్య పాఠశాల ఉండేది. అక్కడి పిల్లల్ని రోజూ చూసి సావిత్రి మనసు పారేసుకుంది. పెద్దలు కాదనలేదు. శిష్ట్లా పూర్ణయ్య శాస్త్రి గారి దగ్గర సంగీతం, నాట్యం నేర్పించారు.

మద్రాసు వెంటనే తలుపు తీయలేదు. 1950లో ‘సంసారం’లో కథానాయిక వేషం ఇచ్చి, బెరుకుగా ఉందని తప్పించి చిన్న వేషంతో సరిపెట్టారు. 1951లో ‘పాతాళభైరవి’లో దక్కింది ఒక నాట్యమే. మరో రెండేళ్లకు, 1953లో, ఆమె ‘దేవదాసు’ పార్వతి.

ఆ రోజుల్లో సినిమాకు వస్తే పేరు కూడా మారేది. అంజనీకుమారి అంజలీదేవి అయింది. ‘షావుకారు’ సినిమాతో జానకి షావుకారు జానకి అయింది. సావిత్రి మాత్రం ఇంట్లో పెట్టిన పేరుతోనే నిలిచింది. మారినవి పాత్రల పేర్లే. 1955లో ‘మిస్సమ్మ’లో ముందు ఆమెకు అనుకున్నది రెండో నాయిక వేషం. భానుమతి తప్పుకోవడంతో మేరీ పాత్ర ఆమెకు వచ్చింది. ఉద్యోగం కోసం భార్యగా నటించే ఆ పంతులమ్మను మన ఇళ్లు ఇప్పటికీ మరచిపోలేదు. 1957లో ‘మాయాబజార్’లో శశిరేఖ. వ్యాస భారతంలో లేని ఈ అమ్మాయి, ఆ సినిమా తర్వాత తెలుగువాళ్లకు సొంత ఆడపడుచు అయిపోయింది.

1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారు. సాంకేతిక పనులు ఎక్కువగా స్త్రీలకే అప్పగించారు. సాహసం గొప్పదే కాని డబ్బు రాలేదు. తర్వాత సొంతంగా తీసిన తమిళ చిత్రం ‘ప్రాప్తం’ ఇంకా నష్టపరిచింది. అడిగినవాళ్లకు లేదనని చెయ్యి ఆమెది. సంసారం చెదిరింది, ఆస్తులు కరిగాయి, మద్యం ఆరోగ్యాన్ని తినేసింది. దాదాపు 19 నెలలు స్పృహ లేకుండా ఉండి, 1981 డిసెంబరు 26న, యాభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు.

ఈ జీవితంలో తల్లిదండ్రులు చూడవలసినవి రెండు. బడి దారిలో పిల్ల కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ఆ ఇంటి పెద్దలు కనిపెట్టారు. ఆ ఒక్క చూపు వల్లే మనకు సావిత్రి దక్కింది. రెండోది, ప్రతిభ ఎంత ఉన్నా దాన్ని కాపాడుకునే నేర్పు వేరే ఉంటుంది. రూపాయి లెక్క రాయడం, అవసరమైనచోట కాదనడం, కష్టంలో ఎవరికైనా చెప్పుకోవడం ఏ నాట్య గురువూ నేర్పరు. అవి ఇంట్లోనే రావాలి.

ఈ సెలవుల్లో పిల్లలతో కూర్చుని ‘మాయాబజార్’ చూడండి. మాయా శశిరేఖగా మారిన ఘటోత్కచుడు నడిచే తీరు చూపించండి. ఆడపిల్ల వేషంలో రాక్షసుడి ఠీవి ఎలా తెచ్చిందో పిల్లలనే అడగండి. జవాబు చెబుతున్నప్పుడు వాళ్ల కళ్లు ఎక్కడ మెరిశాయో మీరు గమనించండి.