సొంత పిల్లలు లేరు.. తెలుగు పిల్లలందరికీ అన్నయ్య! రేడియో అన్నయ్య ప్రయాణం ఇలా మొదలైంది

ఇప్పుడు సాలూరులో ఓ కుర్రాడికి మాట్లాడాలనిపిస్తే ఫోన్ తీస్తాడు, రికార్డు నొక్కుతాడు. అంతే. మరి 1938లో? విశాఖలో రేడియో కేంద్రం లేదు, విజయవాడలోనూ లేదు. మైకు ముందు నిలబడాలంటే రైలెక్కి మద్రాసు పోవాల్సిందే. ఉత్తరాంధ్ర నుంచి అలా వెళ్లినవాళ్లలో పాటతో పేరు తెచ్చుకున్నది సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు. మాటతో పేరు తెచ్చుకున్నది న్యాయపతి రాఘవరావు. ఈ అసలు పేరు చెబితే చాలామందికి తెలీదు. రేడియో అన్నయ్య అంటే మాత్రం మీ ఇంట్లో తాతగారు వెంటనే గుర్తుపడతారు.

1905 ఏప్రిల్ 13న బరంపురంలో పుట్టారు రాఘవరావు. ఇప్పుడది ఒడిశా. అప్పట్లో గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. భార్య కామేశ్వరిది విజయనగరం. అంటే ఇద్దరిదీ ఈ ప్రాంతమే.

1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. తెలుగులో పిల్లల కార్యక్రమం ఎలా చేయాలి? నేర్పేవాళ్లు లేరు, చూసి నేర్చుకుందామంటే అంతకుముందు చేసినవాళ్లూ లేరు. వినేవాళ్లు కళ్లముందు కనిపించరు. నవ్వారా, నిద్రపోయారా అన్నది తెలియదు. పైగా అప్పట్లో చాలావరకు లైవే. పిల్లాడు పద్యం మధ్యలో ఆగిపోతే ఆ నిశ్శబ్దం అలాగే ఇళ్లలోకి వెళ్లిపోయేది. కట్ చేసి మళ్లీ చేద్దామనే వెసులుబాటు లేదు.

ఇక్కడే రాఘవరావు దంపతులు ఓ తెలివైన పని చేశారు. చెప్పాలంటే వాళ్ల విజయమంతా ఇందులోనే ఉంది. పిల్లలకు పాఠం చెప్పే మాస్టారులా మైకు ముందుకు రాలేదు. అన్నయ్యగా, అక్కయ్యగా వచ్చారు. మాస్టారంటే బడి గుర్తొస్తుంది, భయమేస్తుంది. అన్నయ్యతో అయితే అల్లరి చేయొచ్చు, అలగొచ్చు. భార్యాభర్తలిద్దరూ అన్నయ్య, అక్కయ్య ఏంటని ఎవరైనా నవ్వుకుని ఉండొచ్చు గానీ, పిల్లలకు ఆ లెక్కలతో పనిలేదు. వాళ్లకు ఆ పిలుపే సరిపోయింది.

రెండో సంగతి.. పిల్లల కోసం పెద్దలు మాట్లాడటం కాదు, పిల్లల చేతే మాట్లాడించారు. కథ, పాట, నాటకం, పొడుపుకథ, అన్నీ వాళ్లే. మరి పిల్లలు మైకు ముందు బెదరకుండా ఉండాలంటే ముందుగా కూడి ఆడుకోవాలి, పాడుకోవాలి, అలవాటు పడాలి. అందుకో చోటు కావాలి. 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు.

1945లో 'బాల' అనే పత్రిక కూడా తెచ్చారు. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ 'అమ్మ మాట వినకపోతే' అచ్చయింది ఇందులోనే. బాపు తొలినాటి బొమ్మలూ ఇందులో వచ్చినవే. అప్పటికి బాపు ఇంకా చిన్నపిల్లాడే! పత్రిక తర్వాత ఆగిపోయింది. రేడియో మాత్రం ఆగలేదు.

1948 డిసెంబర్‌లో విజయవాడ కేంద్రం వచ్చింది. అప్పటిదాకా కోస్తా తెలుగువాళ్లకు రేడియో అంటే మద్రాసే. పోస్టాఫీసులో లైసెన్స్ కట్టి రేడియో పెట్టుకునే రోజులవి. ప్రతి ఇంట్లో ఎక్కడుంటుంది? ఉన్న ఇంటి అరుగు మీదికి వీధి పిల్లలంతా చేరేవాళ్లు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దంపతులు హైదరాబాద్ వచ్చేశారు. యాభై దాటిన వయసులో కొత్త ఊరు, కొత్త పిల్లలు. అంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడమే. అక్కడి ఆకాశవాణిలో ఆదివారం బాలానందం ఎందరికో అలవాటైపోయింది. వాళ్లకు సొంత పిల్లలు లేరు. నారాయణగూడలోని తమ ఇంటినే బాలానంద సంఘానికి ఇచ్చేశారు. కార్యక్రమం అయిపోగానే మైకు కట్టేసి వెళ్లిపోయే మనుషులు చేసే పని కాదది.

ఈ కథలో అక్కయ్యను పక్కన పెట్టడానికి లేదు. ఆడపిల్ల చదువే అరుదైన కాలంలో చదువుకుని, ఆడగొంతు బయటికి వినిపించడమే వింతగా చూసే రోజుల్లో మైకు ముందుకొచ్చారు కామేశ్వరి. సంఘంలోనూ, పత్రికలోనూ సగం బరువు ఆమెదే. 1980లో ఆమె కన్నుమూశారు. నాలుగేళ్లకు, 1984 ఫిబ్రవరి 24న అన్నయ్య కూడా వెళ్లిపోయారు.

రేడియో అక్కయ్య అన్న పిలుపు మాత్రం ఖాళీగా ఉండిపోలేదు. హైదరాబాద్ ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు చూసిన రచయిత్రి తురగా జానకీరాణిని ఆ తర్వాతి తరం పిల్లలు అదే పేరుతో పిలిచారు.