శిష్యునెఱిగిన శిక్షకుడు: క్లార్కు షానెసీ

సాయంకాలమున మన పాఠశాల క్రీడాస్థలమున నిలిచి చూచువారికి బాలురందఱు నొక్క విధముగ నుండరని వేఱుగ జెప్పనక్కఱలేదు. ఒకడు లేడివలె బరుగెత్తును. ఒకడు దేహబలముచేత నెదిరివానిని నిలువరించును. మఱియొకనికి అంత వేగమును లేదు, అంత బలమును లేదు. కాని చేతులయందు నేర్పును, బుద్ధియందు చుఱుకుదనమును గలవు. మొదటి యిద్దఱికిని జట్టులో దగిన స్థానము సులభముగ దొరకును. మూడవవాని నేమి చేయవలెనో తెలియక మనము వానిని దగని చోట నిలిపి, వాడు తప్పినప్పుడు వానినే నిందింతుము. ఇట్టి బాలుని విషయమై 1940వ సంవత్సరమున నొక శిక్షకుడు చేసిన యాలోచన, అమెరికా దేశమున ఫుట్‌బాల్ ఆట స్వరూపమునే మార్చివేసినది. ఆ శిక్షకుని పేరు క్లార్కు షానెసీ. ఆయన చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ దెలుపబూనితిమి.

ముందుగా నొక్కమాట. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచు నాట మనము కాలితో దన్నుచు నాడునది కాదు. అందు బంతి కోలగా నుండి రెండు కొనలయందును మొనదేలియుండును. ఆటగాడు దానిని చేత బట్టుకొని పరుగెత్తవచ్చును, విసరవచ్చును, తన్నవచ్చును. ఇరుపక్షములయందును బదునొకండుగురు చొప్పున నిలుతురు. బంతిగల పక్షమునకు నాలుగు ప్రయత్నములు లభించును. ఆ నాలుగింటిలో 10 గజములు సాగినచో మఱల నాలుగు దొరకును. లేనిచో బంతి యెదిరివారి పరమగును. 100 గజముల మైదానమున నిట్లు సాగి, ఎదిరివారి గమ్యరేఖను దాటుటయే ప్రయోజనము. ప్రతి ప్రయత్నమునకును ముందు ఎవడెచట నిలువవలెనో, ఎవడెటు పోవలెనో నిర్ణయించు నేర్పాటునే మేమీ వ్యాసమున వ్యూహమని చెప్పుచున్నాము.

షానెసీ 1892వ సంవత్సరము మార్చి 6వ తేదీన మిన్నెసోటా రాష్ట్రమందలి సెయింట్ క్లౌడ్ పట్టణమున జన్మించెను. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జదువుకొనుచు, డాక్టరు హెన్రీ విలియమ్సు శిక్షణమున ఫుట్‌బాల్ నేర్చెను. విలియమ్సు వృత్తిచేత వైద్యుడు. ఆటయందు క్రొత్త వ్యూహములను గల్పించుటలో బ్రసిద్ధుడు. ఆటను కండబలముతో మాత్రమే గాక బుద్ధిబలముతోను గెలువవచ్చునని షానెసీ యా గురువు నొద్దనే గ్రహించెనని చెప్పవచ్చును. 1915వ సంవత్సరమున, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, న్యూ ఆర్లియన్సు నగరమందలి టులేను విశ్వవిద్యాలయమునకు శిక్షకుడాయెను. 1925లో నాయన జట్టు తొమ్మిది యాటలు గెలిచి, ఒకదానిని సమముగ ముగించి, ఓటమి యెఱుగకుండెను. ఆ తరువాత నదే నగరమందలి లయోలా విశ్వవిద్యాలయమున గొన్నియేండ్లు పనిచేసెను.

ఆయన మద్యమును బొగాకును ముట్టెడివాడు కాడు. వినోదములయందు బ్రీతిలేదు. రాత్రింబవళ్లు కాగితములపై గీతలు గీయుచు, సున్నలు చుట్టుచు, ఆటగాండ్ర నడకల నాలోచించుటయే యాయనకు బని. తోడివారిలో గొందఱాయనను విచిత్రపురుషునిగా భావించిరి.

1933లో షికాగో విశ్వవిద్యాలయము వారాయనను బిలిచిరి. నలువదియొక్క సంవత్సరములచట శిక్షకుడైయుండిన యామోస్ అలాంజో స్టాగు అను మహనీయుని పీఠమది. అచట షానెసీకి మొదట జే బర్వాంగరు అను గొప్ప యాటగాడు లభించెను. కళాశాలా క్రీడాకారులలో నుత్తమునకిచ్చు హైస్మన్ బహుమానమును 1935లో మొట్టమొదట నందుకొన్నవాడితడే. కాని యా విద్యాలయాధిపతియగు రాబర్టు హచిన్సు చదువునకే ప్రాధాన్యమిచ్చి, క్రీడాకారులకు బ్రత్యేక సౌకర్యములేవియు గల్పింపకుండెను. బలవంతులగు నాటగాండ్రు రాక తగ్గెను. 1939లో షికాగో జట్టు మిషిగన్ వారి చేతిలో 85–0గను, హార్వర్డు వారి చేతిలో 61–0గను, ఒహాయో స్టేటు వారి చేతిలో మఱల 61–0గను ఓడెను. ఆ సంవత్సరము డిసెంబరులో విశ్వవిద్యాలయము వారు ఫుట్‌బాల్ జట్టునే రద్దుచేసిరి. నలువదియేడేండ్ల వయస్సున షానెసీకి శిక్షింపదగిన జట్టు లేకపోయెను.

ఆ దుర్దశలోనే కాలిఫోర్నియా రాష్ట్రమందలి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము వారాయనను దమ శిక్షకునిగా నియమించిరి. స్టాన్‌ఫర్డు స్థితియు మేలైనది కాదు. 1939లో నా జట్టు ఒక్క యాట గెలిచి, ఒకటి సమముగ ముగించి, ఏడింట నోడియుండెను. ఓడిన గురువును, ఓడిన శిష్యులును నొకచోట జేరిరని లోకులు తలచుటలో వింతలేదు.

ఆ శిష్యులలో ఫ్రాంకీ ఆల్బర్టు ఒకడు. పొట్టివాడు, సన్ననివాడు, ఎడమచేతివాటముగలవాడు. ఆ కాలమున గళాశాలలయందెల్ల వ్యాపించియుండిన వ్యూహము సింగిల్ వింగ్ అనునది. దానియందు మధ్యనున్నవాడు బంతిని వెనుకకు విసరగా, నాలుగైదు గజముల దూరమున నిలిచిన ముఖ్యుడు దానిని బట్టుకొని, తానే పరుగెత్తవలెను, తానే విసరవలెను, తానే తన్నవలెను. బంతి తనచేతలేనపుడు దేహముతో నెదిరివారిని దాకి త్రోవచేయవలెను. క్వార్టర్‌బాక్ అనువాడు సంజ్ఞలు చెప్పుటకును, ముందునడచి శత్రువుల నడ్డగించుటకును మాత్రమే యుపయోగపడెడివాడు. ఈ వ్యూహము బలశాలుల కనువైనది. 1939లో నాల్బర్టును ముఖ్యుని స్థానమున నిలిపి, రాని పని చేయుమనిరి. వాని చేతినేర్పు కనబడుట కవకాశమే లేకపోయెను.

షానెసీ యా బాలుని మఱియొక దృష్టితో జూచెను. వీనికేమి లేదు అని గాక, వీనికేమి కలదు అని ప్రశ్నించుకొనెను. బంతిని దాచుటయందు వాడు గారడివాని వంటివాడు. విసరుట తెలియును, తన్నుట తెలియును. జ్ఞాపకశక్తి మెండు. ఆపదయందు జంకడు. ఈ గుణములను గోరు వ్యూహమొకటి షానెసీ మనస్సున నదివఱకే యుండెను. దానిని 'టి' వ్యూహమందురు. అది క్రొత్తది కాదు; 19వ శతాబ్దమున వాడుకలోనుండి, తరువాత గళాశాలలయందు మూలబడినది. వృత్తిగా నాడు షికాగో బేర్సు జట్టువారు మాత్రము దానిని విడువక, 1930 ప్రాంతమున రాల్ఫు జోన్సు అను శిక్షకునిచేత సంస్కరింపజేసిరి. ఆ జట్టు యజమానియగు జార్జి హాలసు షానెసీకి మిత్రుడు. షికాగోలో నుండగా షానెసీ యా వ్యూహమును హాలసుతో గూడి పరిశీలించి, క్రొత్త మెలకువలెన్నో చేర్చియుండెను.

ఈ వ్యూహమున క్వార్టర్‌బాక్ మధ్యనున్నవాని వెనుక దగ్గఱగ నిలిచి, బంతిని జేతినుండి చేతికే యందుకొనును. వానికి వెనుక ముగ్గురు వరుసగ నిలుతురు. పైనుండి చూచినచో నా యాకారము ఇంగ్లీషు 'టి' అక్షరమువలె నుండును. బంతి యందినతోడనే క్వార్టర్‌బాక్ గిరుక్కున దిరిగి, ముగ్గురిలో నొకని కిచ్చును. తక్కినవారి కిచ్చినట్లు నటించును. లేదా యెవరికి నీయక దాచుకొని దూరముగ విసరును. బంతి కదలుటకు ముందే యొకడు ప్రక్కకు బరుగెత్తి యెదిరివారిలో నొకరిద్దఱిని దనవెంట లాగుకొని పోవును. బంతి యెవనిచేతనున్నదో ఎదిరివారు తెలిసికొనులోపల నది రేఖను దాటును. కావున ముందువరుసవారు శత్రువును బడద్రోయ బనిలేదు. క్షణకాల మడ్డగించిన జాలును. క్వార్టర్‌బాక్ ఎవనిని దాకనక్కఱలేదు, పలుమాఱు పరుగెత్తనక్కఱలేదు. చేయి, కన్ను, బుద్ధి, ధైర్యము – ఇవియే వానికి గావలయును. ఆల్బర్టుకు గలవియు నివియే.

తక్కిన ముగ్గురికిని దగిన స్థానములు దొరకెను. నార్మన్ స్టాండ్లీ మహాబలుడు. నడుమనుండి యెదిరివారిని జీల్చుకొనిపోవుట వానిపని. పీటు కెమెటోవికు వేగవంతుడు; వాడు ప్రక్కలకు దిరిగి పరుగెత్తును. హ్యూ గాలర్నో యా రెండు పనులకును దగియుండెను. వీరందఱు 1939లో నోడిన జట్టులోనివారే. షానెసీ క్రొత్తవారిని దెచ్చి గెలువలేదు. ఉన్నవారిని జూచి, వారికి సరిపడు వ్యూహమును దెచ్చెను.

అనుభవజ్ఞులలో బలువురీ ప్రయత్నమును నమ్మలేదు. మూలబడిన వ్యూహమును దెచ్చి యోడిన జట్టుకు నేర్పుట వెఱ్ఱితనమని తలచిరి. షానెసీ జంకలేదు. ఒక్కొక్క యడుగు, ఒక్కొక్క తిరుగుడు, బంతినందించు ఒక్కొక్క భంగియు లెక్కకు మిక్కిలిగా నభ్యసింపజేసెను. క్షణమాత్రపు టాలస్యమైనను ఈ వ్యూహము చెడును గదా!

1940 సెప్టెంబరు 28వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయముతో మొదటి యాట జరిగెను. స్టాన్‌ఫర్డు వారు 27–0గ గెలిచిరి. తరువాత నారెగన్ జట్టును 13–0గ నోడించిరి. విజయములన్నియు సులభములు కావు. శాంటాక్లారా పై గెలుపు 7–6. ఒక్క పాయింటు భేదము. వాషింగ్టన్ వారితో నాడునపుడు మొదట 10–0గ వెనుకబడి, పిదప 20–10గ గెలిచిరి. ఆట యాటకు నమ్మిక పెరిగెను. కడపట గాలిఫోర్నియా వారిని 13–7గ నోడించుటతో తొమ్మిదాటలు ముగిసెను, తొమ్మిదింటను విజయమే.

1941 జనవరి 1వ తేదీన పసడీనా నగరమున, సుమారు తొంబదివేలమంది ప్రేక్షకుల యెదుట, రోజ్ బౌలు అను ప్రసిద్ధపు టాట నెబ్రాస్కావారితో జరిగెను. నెబ్రాస్కావారే ముందుగ రేఖను దాటిరి. స్టాన్‌ఫర్డువారు సమము చేసిరి. మఱల వెనుకబడి 13–7 ఆయెను. అప్పుడాల్బర్టు విసరిన బంతిని గాలర్నో యందుకొనగా, 41 గజముల యా యొక్క విసరుతో స్టాన్‌ఫర్డు వారు 14–13గ ముందునకు వచ్చిరి. మూడవ భాగమున వారు గమ్యరేఖ ముంగిటికి జేరియు, నాలుగు ప్రయత్నములయందును దాటలేకపోయిరి. నెబ్రాస్కా వారు గండము గడచినదని తలచి బంతిని దూరముగ దన్నిరి. కెమెటోవికు దానిని బట్టుకొని 39 గజములు పరుగెత్తి రేఖను దాటెను. తుదకు 21–13. ఏడాదిక్రిందట నొక్కటే గెలిచిన జట్టు పది యాటలాడి పదింటను గెలిచినది.

ఈ నడుమనే మఱియొక వింత జరిగెను. 1940 డిసెంబరు 8వ తేదీన వృత్తిజట్ల పరమవిజేతను నిర్ణయించు నాటలో బేర్సువారు వాషింగ్టన్ రెడ్‌స్కిన్సును 73–0గ నోడించిరి. మూడువారములకు ముందు రెడ్‌స్కిన్సే 7–3గ గెలిచియుండిరి. ఆ యాటకు హాలసు వ్యూహములను సిద్ధపఱచుటలో షానెసీ తోడ్పడెను. బేర్సుల క్వార్టర్‌బాక్ సిడ్ లక్మన్ కొలంబియా విశ్వవిద్యాలయమున సింగిల్ వింగ్ ఆడినవాడు. వానికి 'టి' నేర్పుటలోను షానెసీ చేయి కలదు.

ఈ రెండు విజయములను జూచి దేశమంతయు 'టి' వ్యూహమునకు మరలెను. నోటర్‌డేము విశ్వవిద్యాలయ శిక్షకుడగు ఫ్రాంకు లేహీ 1942లో దనవారి పాతవ్యూహమును విడిచెను. ఆయన క్వార్టర్‌బాక్ ఏంజెలో బెర్టెలీ బంతి విసరుటలో నేర్పరి. పరుగులో నంతటివాడు కాడు. మఱుసటియేట హైస్మన్ బహుమానము బెర్టెలీకి దక్కెను. ఆల్బర్టు మాత్రమేమి? 1940, 1941 సంవత్సరములయందు దేశమందలి యుత్తమక్రీడాకారులలో నొకడుగ నెన్నబడి, పిమ్మట శాన్‌ఫ్రాన్సిస్కో వృత్తిజట్టుకు బహుకాలము క్వార్టర్‌బాక్‌గ నాడెను.

ఇంతటితో ముగించినచో గథ మధురముగ నుండును. కాని సత్యము సంపూర్ణము కాదు. 1941లో స్టాండ్లీయు గాలర్నోయు లేకపోగా స్టాన్‌ఫర్డు మూడింట నోడెను. షానెసీ మేరీలండునకు బోయి 1942లో నేడాటలు గెలిచెను. పిట్స్‌బర్గున మూడేండ్లలో పది గెలిచి పదునేడింట నోడెను. 1946లో మఱల మేరీలండున గెలుపులకంటె నోటములే యెక్కువాయెను. 1948, 1949లలో లాస్ ఏంజిలిస్ రామ్సు జట్టుకు బ్రధానశిక్షకుడై రెండవయేట దానిని దుదియాటవఱకు గొనిపోయెను. అయినను ఉద్యోగము నిలువలేదు. పిదప 1962 వఱకు బేర్సు జట్టున నాత్మరక్షణోపాయములను రచించుచుండెను. 1968లో కళాశాలా ఫుట్‌బాల్ ప్రముఖుల పట్టికలో నాయన పేరు చేర్చబడెను. 1970 మే 15వ తేదీన శాంటామోనికాలో డెబ్బదియెనిమిదవయేట బరమపదించెను.

ఆ గురువే, ఆ వ్యూహమే, ఆ శ్రద్ధయే. అయినను స్టాన్‌ఫర్డునందలి ఫలము మఱియొకచోట లభింపలేదు. దీనికి గారణమేమి? వ్యూహమున మంత్రమేదియు లేదని మా యభిప్రాయము. ఆల్బర్టు వంటివాని చేత బడినప్పుడే యది ప్రకాశించినది. నల్లరేగడికి దగిన విత్తును ఇసుకనేలలో జల్లి, పంట రాలేదని విత్తును దూషించుట యెంత తప్పో, నేలను దూషించుటయు నంత తప్పే. రెంటి పొత్తును గుర్తించుటయే కృషీవలుని విద్య. గురువు విద్యయు నదియే.

ఈ చరిత్రమున మనవంటివారికి రెండు పాఠములున్నవి. విద్యార్థులారా, ఒక పనియందు మీరు తప్పినచో నన్ని పనులకును దగనివారమని నిరాశ చెందకుడు. 1939లోని యాల్బర్టును, 1940లోని యాల్బర్టును నొక్కడే. మాఱినది వాడు నిలిచిన చోటు. అయినను చోటు మాఱినంతమాత్రమున విజయము రాలేదు. వేయిమాఱులభ్యసించిన పిదప వచ్చినది. ఇక నుపాధ్యాయులమగు మేము నేర్చుకొనవలసినది మఱింత కఠినమైనది. మా పద్ధతికి లొంగని బాలుని మందుడని తీర్పుచెప్పుటకు ముందు, వానికేమి లేదని గాక వానికేమి కలదని యొక్కసారి ప్రశ్నించుకొనవలెను. రానున్న సంవత్సరమున మన తరగతులయందును, క్రీడాస్థలమునను ఈ ప్రశ్న మఱవకుండుటకు మా వంతు ప్రయత్నము చేయుదుమని చెప్పి విరమించుచున్నాము.