ధమనిలోకి బుడగను పంపిన వైద్యుడు

ఢిల్లీ ధౌలా కువాన్‌లోని ఆర్మీ రీసెర్చ్ అండ్ రెఫరల్ ఆసుపత్రిలో నేడు యాంజియోప్లాస్టీ నిత్యకృత్యం. అయినా క్యాథ్‌ల్యాబ్‌లో ప్రతి వైద్యుడి మనసులోనూ ఒక భయం పొంచి ఉంటుంది. తీగ మొన గానీ, బుడగ ఒత్తిడి గానీ ధమని గోడను చీల్చవచ్చు. నూటికి ఒకరికన్నా తక్కువ మందికే ఇలా జరుగుతుంది. జరిగినప్పుడు మాత్రం రక్తం గుండె చుట్టూ ఉన్న పొరలోకి చేరి, నిమిషాల్లోనే గుండెను నొక్కివేయగలదు.

ఈ చికిత్సకు ఆద్యుడు ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్. 1939 జూన్ 25న జర్మనీలోని డ్రెస్డెన్‌లో జన్మించారు. హైడెల్‌బర్గ్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ చేరుకున్నారు. కాలి ధమనుల పూడికను గొట్టాలతో విప్పిన అమెరికా వైద్యుడు చార్లెస్ డాటర్ విధానం ఆయనను ఆకర్షించింది. గొట్టం చివర బుడగ అమర్చాలన్నది గ్రుంట్‌జిగ్ ఆలోచన. వాటిని ఆయన స్వయంగా ఇంట్లో వంటింటి బల్లపై తయారుచేసుకున్నారు. నేటి ప్రమాణాలతో చూస్తే ఇది నమ్మశక్యం కాదు.

1977 సెప్టెంబర్ 16న 38 ఏళ్ల రోగికి జ్యూరిక్‌లో తొలిసారి గుండె ధమనిని బుడగతో విప్పారు. ధమని చిట్లినా, మూసుకుపోయినా వెంటనే బైపాస్ చేసేందుకు శస్త్రవైద్య బృందం సిద్ధంగా నిలిచింది. వారి అవసరం రాలేదు. అన్ని సందర్భాల్లోనూ అంత అదృష్టం దక్కలేదు. 1979లో ప్రచురించిన తొలి 50 మంది రోగుల నివేదికలో 32 మందికే చికిత్స ఫలించిందనీ, ఐదుగురికి అత్యవసర బైపాస్ తప్పలేదనీ ఆయనే వెల్లడించారు. సొంత ఆవిష్కరణ లోటుపాట్లను ఇంత బాహాటంగా లెక్కగట్టి చూపిన వైద్యులు అరుదు. అదే ఏడాది అమెరికాలో జాతీయ స్థాయి నమోదు మొదలై, ఇతర వైద్యుల ఫలితాలూ, వికటించిన కేసులూ ఒకచోట చేరసాగాయి.

1980లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి తరలివెళ్లారు. 1985 అక్టోబర్ 27న, తానే నడుపుతున్న విమానం జార్జియాలో కూలి, భార్యతో సహా మరణించారు. అప్పటికి ఆయన వయసు 46.

మరుసటి ఏడాదే మనిషి గుండె ధమనిలో తొలి స్టెంట్ అమరింది. ధమనికి పడిన చిల్లును లోపలి నుంచే మూసే తొడుగు స్టెంట్లు ఆ తరువాత వచ్చాయి. ఇప్పుడు చిల్లు పడగానే బుడగను అక్కడే ఉబ్బించి రక్తాన్ని ఆపుతారు. పొరలో చేరిన రక్తాన్ని సూదితో తోడివేస్తారు. అవసరమైతే తొడుగు స్టెంట్ అమరుస్తారు. చాలామందికి ఛాతీ తెరవాల్సిన పని ఉండదు.

1987లో ఆ తొలి రోగిని ఎమరీలో మళ్లీ పరీక్షించారు. పదేళ్ల కిందట విప్పిన ధమని తెరుచుకునే ఉంది.