డోర్నకల్ దీపం బిషప్ అజరయ్య

మన వైపు నుండి కాజీపేట మీదుగా విజయవాడ పోయే దారిలో డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఆ చిన్న ఊరి పేరును ప్రపంచానికి తెలిపిన మహనీయులు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. పెద్ద కాలేజీలకే పరిమితమైన దైవశాస్త్రాన్ని కూలి మనిషి గుడిసె దాకా తెచ్చిన గురువు ఆయన.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విళై అనే పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు పల్లె గురువు. అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు కాని, చివరి పరీక్షల సమయంలో జబ్బు పడి డిగ్రీ పట్టా లేకుండానే బయటికి వచ్చారు. అంతటితో క్రుంగిపోలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ భారతమంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలి వారితో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ సంఘం డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నది. 1909లో ఆయన గురువుగా అభిషేకం పొంది, ముప్పై ఏళ్లు దాటిన వయసులో తెలుగు నేర్చుకొని, నిజాం రాష్ట్రంలోని ఈ మారుమూల ప్రాంతంలో స్థిరపడ్డారు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తెల్లవారితో నిండిన ఆ సభలో అజరయ్య గారు లేచి, మిషనరీలు భారతీయులకు డబ్బూ సేవా ఇస్తున్నారు గాని సమానులుగా చూసి స్నేహం ఇవ్వడం లేదని ధైర్యంగా చెప్పారు. చాలామందికి ఆ మాట రుచించలేదు. అయినా రెండేళ్లకే, 1912 డిసెంబర్ 29న, కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఆయన దగ్గరికి వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. పగలంతా దొరల పొలాల్లో చాకిరీ, వెట్టి. బడి ముఖం చూసినవారు అరుదు. అటువంటి వారికి రాత్రిపూట దీపం వెలుగులో పాఠాలు చెప్పించారు. చదువు రానివారు వాక్యాలను, పాటలను కంఠస్థం చేసేవారు. పల్లెల్లో బోధించే టీచర్లకు డోర్నకల్‌లో శిక్షణ ఇప్పించారు. భర్తతో పాటు భార్య కూడా చదవాలన్నది ఆయన పట్టుదల. ఆయన సతీమణి అన్బు మరియమ్మాళ్ గారు స్త్రీల మధ్య పనిచేశారు. మురికి, రోగం, అప్పు, తాగుడు మనిషిని పట్టిన దయ్యాలని ఆయన నమ్మకం. వాటిని వదిలించని దైవశాస్త్రం వ్యర్థమని ఆయన భావం. మాల మాదిగలు ఒకరితో ఒకరు కలిసి కూర్చోని ఆ రోజుల్లో, అందరూ ఒకే బల్ల దగ్గరికి రావాలని బోధించారు.

పేదవాడు ఎప్పుడూ చేయి చాచేవాడుగా ఉండకూడదని ఆయన కోరిక. వంట వండే ముందు పిడికెడు బియ్యం తీసి సంఘానికి దాచే అలవాటు పల్లె స్త్రీలలో పెరిగింది. ఈ విషయంపై ఆయన రాసిన క్రిస్టియన్ గివింగ్ అనే చిన్న పుస్తకం ఇతర భాషల్లోకీ వెళ్లింది. పట్టా లేని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1939లో డోర్నకల్ కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుడి మంటపంలాంటి స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు అందులో కనిపిస్తాయి. విదేశీ వేషం వేసుకోకుండా భక్తి చేయవచ్చని ఆ రాళ్లే చెబుతాయి. సంఘాల ఐక్యత కోసం 1919 నుండి పాటుపడిన అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబర్ 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. ఆ రోజును ఆయన చూడలేకపోయారు.

మిత్రులారా, మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అందుకే ఆయన పొందిన పదవుల కంటే ఆ రాత్రిబడి దీపమే నాకు పెద్దగా కనిపిస్తుంది. ఎంత గొప్ప శాస్త్రమైనా మన అమ్మకు అర్థమయ్యేలా చెప్పినప్పుడే అది మనకు వచ్చినట్టు. మనం ఏ మతం వారమైనా, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మన వాడలో వేలిముద్ర వేసే ఒక్కరికైనా సంతకం నేర్పుదాం. అదే ఆ మహనీయునికి మనమిచ్చే నివాళి.