డిచ్‌పల్లి డాక్టరమ్మ



సుచిత్ర కూడలి నుంచి కొంపల్లి, మేడ్చల్ మీదుగా ఉత్తరానికి సాగిపోయే 44వ నంబరు జాతీయ రహదారి మన కుత్బుల్లాపూర్ ప్రాంత సంఘాలకు బాగా పరిచయమైన దారి. తూప్రాన్, రామాయంపేట, కామారెడ్డి దాటి, నిజామాబాద్ ఇంకాస్త దూరం ఉందనగా డిచ్‌పల్లి వస్తుంది. ఇప్పటి పిల్లలకు అది తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. వాళ్ల తాతలను అడిగితే మాత్రం మొదట ఆసుపత్రి మాటే చెబుతారు. ఒకప్పుడు కుష్ఠువ్యాధి సోకినవాళ్లు ఏ ఊరూ రానివ్వక, కాళ్లీడ్చుకుంటూ చేరుకున్న చోటు అది. ఆ ఆసుపత్రిని నిలబెట్టిన దంపతులు డాక్టర్ ఇసబెల్ కెర్, రెవరెండ్ జార్జి కెర్. ఈ వారం ఇసబెల్ గారి జీవితాన్ని తలచుకుందాం.

ఆమె 1875లో స్కాట్లాండులో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. పుట్టింటి పేరు ఇసబెల్ గన్. అంతకు రెండేళ్ల ముందే, 1873లో, నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నారు. అది శాపం కాదు, వంశపాపం కాదు, ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బు అని లోకానికి తెలిసింది. అయితే తెలియడం వేరు, నమ్మడం వేరు. వేల ఏళ్ల భయం ఒక్క పరిశోధనతో పోదు కదా!

స్త్రీలు వైద్యం చదవడం ఇంకా వింతగా చూసే రోజుల్లో ఇసబెల్ గారు అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చేరి 1903లో డాక్టరు పట్టా పొందారు. జార్జి కెర్ గారిని వివాహమాడారు. ఆయన దైవసేవకుడు కాకముందు వడ్రంగం పని చేసినవారు. ఒకరి చేతిలో మందు, ఇంకొకరి చేతిలో ఉలి, సుత్తి. ముందుముందు ఆ రెండూ ఎలా కలిసి పని చేయబోతున్నాయో అప్పటికి ఆ ఇద్దరికీ తెలియదు. దేవుడు మనిషిని పిలిచేటప్పుడు అతని పాత పనిముట్లను పారేయమనడు. మోషే చేతిలోని కర్రతోనే పని జరిగించుకున్నాడు.

1907లో ఈ దంపతులు వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. అప్పుడు పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ గారి పరిచర్య అప్పటికే సాగుతోంది. నేడు దేశమంతా చూడడానికి వచ్చే మెదక్ చర్చి ఇంకా పునాది కూడా పడలేదు. కెర్ దంపతుల పని నిజామాబాద్‌లో. పాతవాళ్లు ఇందూరు అని పిలుచుకునే ఊరు. సికింద్రాబాద్ నుంచి బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి మీదుగా అటు పోయే రైలుమార్గం వేసి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. మన ఊళ్ల పక్క నుంచి ఇప్పటికీ కూత పెట్టుకుంటూ పోతున్న ఆ దారే వారి ప్రయాణపు దారి కూడా.

పరదేశంలో మిషనెరీ దంపతుల రోజువారీ జీవితం ఎలా ఉండేదో మనం సాధారణంగా ఊహించుకోము. మనకు గుర్తుండేది కట్టడాలు, బాప్తిస్మాల లెక్కలు. కాని వారి రోజులు చిన్న చిన్న పనులతోనే గడిచాయి. భాష నేర్చుకోవాలి. రోగి చెప్పేది అర్థం కాకపోతే డాక్టరు చదువు ఎందుకూ కొరగాదు. ఎండాకాలం మన తెలంగాణ ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. స్కాట్లాండు చలిలో పెరిగిన ఒంటికి అది ఎంత కష్టమో ఆలోచించండి. సొంతవాళ్ల ఉత్తరం ఓడలో రావాలంటే వారాలు పట్టేది. ఊళ్లో తల్లికి జబ్బు చేసిందని తెలిసే నాటికి ఆ జబ్బు తగ్గి ఉండవచ్చు, లేదా ఆ తల్లే లేకపోవచ్చు. ఆ దూరాన్ని భరిస్తూ పొద్దున్నే లేచి, వచ్చిన రోగిని చిరునవ్వుతో పలకరించడమే పరిచర్య.

నిజామాబాద్‌లో వైద్యం చేస్తూ ఉండగా ఇసబెల్ గారు ఒక సంగతి గమనించారు. జ్వరం వచ్చినవాళ్లకూ కాన్పు కష్టమైనవాళ్లకూ ఏదో ఒక దిక్కు ఉంది. కుష్ఠువ్యాధి ఉన్నవాళ్లకు మాత్రం చుట్టుపక్కల ఎక్కడా ఆదరవు లేదు. ఇల్లు వెళ్లగొట్టింది, ఊరు తరిమింది. ఇక మిగిలింది సంతలో, గుడి ముందు, రైలు స్టేషను దగ్గర చేయి చాపడమే. ఆ చేతికి వేళ్లు ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు.

1911లో ఆ దంపతులు నిజామాబాద్‌లో వారికోసం ఒక చిన్న ఆశ్రయం తెరిచారు. సంగతి తెలిసి రోగులు రావడం మొదలైంది. చోటు చాలలేదు. ఒకరిని చేర్చుకుంటే పదిమంది గుమ్మం ముందు నిలబడే పరిస్థితి. లేదు, పొమ్మని చెప్పడం వైద్యురాలికి ఎంత బాధ! అప్పటికే లోకమంతా పొమ్మన్నవారు వాళ్లు.

అప్పుడు దేవుడు తెరిచిన తలుపు మనం గట్టిగా గుర్తుపెట్టుకోవలసినది. సహాయం చేసిన వ్యక్తి రాజా నర్సాగౌడ్. ఆయన క్రైస్తవుడు కాడు, హిందువు. ఈ తెల్లదొరసాని ఎవరూ ముట్టుకోనివారిని ముట్టుకుని కట్లు కడుతోందని చూసి, ఆ పనికి ధనం ఇచ్చిన మహాదాత. ఆ సహాయంతో డిచ్‌పల్లిలో ఆసుపత్రి లేచి, 1915లో విక్టోరియా ఆసుపత్రి పేరుతో మొదలైంది. యూరప్‌లో మొదటి ప్రపంచయుద్ధం మనుషులను వేలల్లో చంపుతున్న కాలంలో, మన తెలంగాణ పల్లెలో ఇలా ఒక ప్రాణం నిలబెట్టే పని ఆరంభమైంది. మన సంఘ చరిత్రలు చెప్పుకునేటప్పుడు ఇలాంటి దాతల పేర్లు జారిపోకూడదు. ముస్లిం పాలకుని రాజ్యంలో, హిందూ దాత సొమ్ముతో, క్రైస్తవ దంపతుల చేతుల మీదుగా ఆ ఆసుపత్రి కట్టబడింది. కృతజ్ఞత చెప్పడం తెలియని సాక్ష్యం సగం సాక్ష్యమే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇసబెల్ గారి కంటే ముందు కూడా మన దేశంలో కుష్ఠువ్యాధి ఉన్నవారికి ఆశ్రమాలు ఉన్నాయి. వాటిలో ప్రేమ ఉంది, అన్నం ఉంది, నీడ ఉంది. కాని చాలావాటిలో ఒకటి లేదు. అది తిరిగి వెళ్లే దారి. లోపలికి వచ్చిన మనిషి చనిపోయేదాకా అక్కడే ఉండాలి. ఎందుకంటే నమ్మదగిన మందు లేదు. చాల్‌మోగ్రా అనే చెట్టు గింజల నూనెను ఎప్పటినుంచో మన దేశంలో వాడేవారు. అది తాగితే కడుపులో తిప్పి వాంతులయ్యేవి. పది రోజులు తాగి చాలామంది మానేసేవారు.

కలకత్తాలో సర్ లియొనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఆ జాతి నూనెలనే సూదిమందుగా ఇచ్చే పద్ధతిని అభివృద్ధి చేశారు. మ్యూర్ గారు కూడా స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనెరీ వైద్యుడే. ఇసబెల్ గారు ఆ పద్ధతిని నేర్చుకుని డిచ్‌పల్లిలో అమలు చేశారు. సూది నొప్పి పెట్టేది. వారాల తరబడి, నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి వేయాలి. అది అందరికీ పనిచేసే సంపూర్ణమైన మందు కాదు. అయినా జబ్బు మొదటి దశలో వచ్చినవారిలో చాలామందికి మేలు కనిపించింది. అంతవరకు మూసుకుపోయిన తలుపు కొద్దిగా తెరుచుకుంది. చావడానికి వచ్చే చోటు బాగుపడడానికి వచ్చే చోటుగా మారింది. డిచ్‌పల్లి పేరు దూరప్రాంతాలకు పాకింది. ఆ పద్ధతి నేర్చుకోవడానికి ఇతరులు అక్కడికి వచ్చారు.

ఈ వ్యాధిలో పెద్ద ప్రమాదం నొప్పి కాదు, నొప్పి తెలియకపోవడం. నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. పొయ్యి మీది గిన్నె చేతిని కాల్చినా తెలియదు. కాలిలో ముల్లు దిగి పుండైనా తెలియదు. అలా గాయాల మీద గాయాలై వేళ్లు పోతాయి. కాబట్టి సూది ఒక్కటే చాలదు. పుండు కడగాలి, కట్టు కట్టాలి, మళ్లీ రేపు విప్పి చూడాలి. ఒక్కరోజు అద్భుతం కాదిది, ప్రతిరోజూ చేయవలసిన ఊడిగం. జార్జి గారి వడ్రంగం చేతులు కట్టడాల పనిలో ఉపయోగపడ్డాయి. భార్య మనిషిని నిలబెడుతుంటే భర్త గోడలు నిలబెట్టారు.

ఇక్కడ ఒక మాట. ఆ రోజుల్లో మిషను లెక్కల్లో మిషనెరీ అంటే ముందుగా భర్తే. భార్య పేరు ఆయన పేరు వెనకే వచ్చేది. డిచ్‌పల్లిలో మాత్రం పేషెంట్లు వెదుక్కుంటూ వచ్చింది డాక్టరమ్మ కోసం. జార్జి గారు దానికి అడ్డు రాలేదు. ఆమె పిలుపుకు తన పనిని జోడించారు. 1923లో ప్రభుత్వం ఇద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఒకరి పేరు మీద కాదు, ఇద్దరి పేర్ల మీదా. మన సంఘాల్లో అయ్యగారి ఫోటో ఫ్లెక్సీ నిండా ఉంటుంది. అమ్మగారు వంటింట్లో, సండే స్కూలులో, ఆసుపత్రి మంచాల దగ్గర చేసే సేవ ఏ నివేదికలోనూ కనబడదు. కెర్ దంపతుల జీవితం మన నాయకులను నెమ్మదిగా అడిగే ప్రశ్న ఇది.

1932లో ఇసబెల్ గారు హఠాత్తుగా ప్రభువు సన్నిధికి చేరారు. వయసు 60 కూడా నిండలేదు. భార్య లేని ఆ ఆవరణలో జార్జి గారు ఇంకా కొన్నేళ్లు పనిచేసి, 1938లో స్వదేశానికి వెళ్లారు. 1950లో ఆయన కూడా కన్నుమూశారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెథడిస్టుల పని మెదక్ డయోసిస్ చేతికి వచ్చింది.

ఇసబెల్ గారు ఎదురుచూసిన మందు ఆమె బ్రతికుండగా రాలేదు. 1940ల్లో సల్ఫోన్ మందులు వచ్చాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొన్ని మందులను కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. నేడు అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఆరు నెలలు, లేదా ఒక సంవత్సరం మాత్రలు వాడితే జబ్బు నయమవుతుంది. 2005 చివరికి, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠువ్యాధిని నిర్మూలించామని మన దేశం ప్రకటించింది. అయినా ఇప్పటికీ ఏటా లక్ష వరకు కొత్త కేసులు మన దేశంలో బయటపడుతున్నాయి. లోకంలోని కొత్త కేసుల్లో సగానికి పైగా మనవే.

జబ్బుకు మందు దొరికింది. మన భయానికి దొరికిందా? కుష్ఠువ్యాధిని విడాకులకు కారణంగా చూపే నిబంధన మన చట్టాల్లో నుంచి తొలగింది 2019లోనే. మాత్రలతో నయమయ్యే జబ్బు పేరు చెప్పి భార్యను గాని భర్తను గాని వదిలేయడానికి అన్నేళ్లు చట్టమే వీలిచ్చింది. చట్టం మారినా నాలుక మారలేదు. ఎవరినైనా తిట్టాలంటే ఆ జబ్బు పేరు ఇంకా మన నోటికి వస్తూనే ఉంది. ప్రసంగ పీఠం మీద కూడా పాపానికి పోలికగా దాన్ని వాడేస్తాం. ఆ మాట వింటూ వెనక బెంచీలో ఎవరు కూర్చున్నారో మనకు తెలియదు. ఒంటి మీది మచ్చను పొడుగు చేతుల చొక్కాతో కప్పుకుని, డాక్టరు దగ్గరకు వెళ్లడానికి సిగ్గుపడుతున్న యువకుడు అక్కడ ఉండవచ్చు. మన ఉపమానం అతణ్ణి మరో ఏడాది ఆసుపత్రికి దూరం చేస్తుంది. ఆ ఏడాదిలో అతని చేతి నరం దెబ్బతింటుంది.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ప్రభువు కుష్ఠువ్యాధి ఉన్న మనిషిని బాగుచేసిన వరుస చూడండి. మొదట కనికరపడ్డాడు. తర్వాత ముట్టుకున్నాడు. ఆ తర్వాతే స్వస్థత. అంతటితో ఆగలేదు, వెళ్లి యాజకునికి కనబడమని పంపాడు. ఎందుకు? ధర్మశాస్త్రం ప్రకారం యాజకుడు పవిత్రుడని చెబితేనే ఆ మనిషి మళ్లీ ఊళ్లోకి, ఇంట్లోకి, ఆరాధనలోకి రాగలడు. ఒళ్లు బాగుపడడం సగం పని. తిరిగి మనుషుల మధ్యకు చేరడం మిగతా సగం. మొదటి సగం ఇసబెల్ గారిలాంటి వైద్యులు చేస్తారు. రెండో సగం యాజకుని పని, అంటే నేడు సంఘం పని. డాక్టరు నయమైందని రాసిచ్చిన మనిషికి మన ఇంట్లో పీట వేయకపోతే ఆ స్వస్థతను ఆపింది మనమే.

కాబట్టి ఈ వారం చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఇంట్లో ఎవరికైనా కనిపిస్తే దాచకండి, దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. సొంతవాళ్లు విడిచిపెట్టిన వృద్ధులు కుష్ఠు కాలనీల్లో ఇంకా ఉన్నారు. క్రిస్మస్‌కు ఒక దుప్పటి ఇచ్చి ఫోటో దిగి రావడం కాదు, వారి పక్కన కూర్చుని భోజనం చేయండి. సండే స్కూలు పిల్లలకు ఇసబెల్ కెర్ గారి కథ చెప్పండి. రాజా నర్సాగౌడ్ గారి పేరు కూడా కలిపి చెప్పండి.

పరదేశం నుంచి వచ్చిన ఒక స్త్రీ, మన భాష నేర్చుకుని, మన వాళ్ల పుండ్లు కడిగి, మన నేల మీదే తుదిశ్వాస విడిచింది. ఆమె కడిగిన చేతులను పట్టుకోవడానికి మన చేతులు ముందుకు రావాలి. అట్టి కృప ప్రభువు మన సంఘాలన్నిటికీ దయచేయును గాక. ఆమేన్.